డ్యూటీ తగ్గించారన్నారు కదా, మరి నా నూనె డబ్బా రేటు ఎందుకు తగ్గలేదు?

కర్రీపాయింట్_అక్క:

అందరికీ నమస్తే అండి. విజయవాడలో చిన్న కర్రీ పాయింట్ మాది, 2020 సంక్రాంతికి పెట్టాం, పెట్టిన రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది, అది వేరే కథ లెండి. మా ఆయన పొయ్యి దగ్గర, నేను కౌంటర్ దగ్గర. వారానికి నాలుగు డబ్బాల నూనె అవుతుంది, 15 కేజీల డబ్బాలు, కూరలకి సన్‌ఫ్లవర్, వేపుళ్ళకి అప్పడాలకి పామాయిల్. డబ్బా కొన్న ప్రతిసారీ ఒక నోట్‌బుక్ లో రేటు రాసుకోవడం నాకు అలవాటు. నిన్న రాత్రి ఊరికే మొదటి నుంచి తిరగేశాను, తిరగేశాక నిద్ర పట్టలా.

షాపు పెట్టినప్పుడు సన్‌ఫ్లవర్ డబ్బా 1,450. 2022 మార్చిలో ఉక్రెయిన్ గొడవప్పుడు 2,780. 2023 లో మళ్ళీ 1,600 కి దిగింది, హమ్మయ్య అనుకున్నాం. 2024 వినాయక చవితి అయిన వారంలో రాత్రికి రాత్రి డబ్బా మీద 350 పెరిగింది, అడిగితే డ్యూటీ, అంటే దిగుమతి పన్ను, పెరిగింది అన్నాడు షాపతను. మొన్న 2025 మే నెలాఖరులో ఆ డ్యూటీ సగం చేశారని టీవీలో చెప్పారు, సరే తగ్గుతుందిలే అని చూస్తున్నా చూస్తున్నా మూడు నెలలైంది, తగ్గకపోగా ఇంకా పైకే పోతోంది. పెరిగేటప్పుడు రాత్రికి రాత్రి, తగ్గేటప్పుడు మాత్రం నత్త నడక. ఏంటండీ ఇది?

కూర కప్పు 30 నుంచి 35 చేస్తే చాలు, పక్క సందులో ఇంకో పాయింట్ ఉంది, అటు పోతారు. పోనీ నూనె తగ్గిద్దామా అంటే గుత్తి వంకాయ మీద నూనె తేలకపోతే మూత తీసి చూసి "ఏంటమ్మా ఇవాళ కూర ఇట్లా ఉంది" అని పెట్టేసి వెళ్ళిపోతారు. మనది వ్యవసాయ దేశం, అన్నపూర్ణ అంటారు కదా, మరి ఎక్కడో ఎవరో కొట్టుకుంటే నా బాండీలో నూనెకి ఏం సంబంధం? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, నేను డిగ్రీ చదివాను, అర్థం చేసుకోగలను 🙂

బెజవాడ_బుల్లోడు:

ఏముంది అక్కా అంతా దోపిడీ. పెద్ద కంపెనీలు, దళారులు కలిసి ఆడే ఆట. ఉక్రెయిన్ లేదు గిక్రెయిన్ లేదు.

టోకు_నూనెలు:

బుల్లోడు గారూ దోపిడీ కొంత ఉంది, కాదనను, నేను పాతికేళ్ళ నుంచి ఇదే వ్యాపారంలో ఉన్నాను కాబట్టి ఎక్కడ ఉందో కూడా తెలుసు. కానీ అంతా అదే అనుకుంటే అసలు విషయం పోతుంది.

అక్కా ముందు ఒక్క లెక్క. మన దేశం ఏడాదికి వాడే వంట నూనె రెండున్నర కోట్ల టన్నులు అనుకోండి. అందులో కోటిన్నర టన్నులకి పైనే బయట నుంచి వస్తుంది. అంటే మీ బాండీలో ఐదు గరిటెలు పోస్తే మూడు గరిటెలు ఓడలో వచ్చినవి. పామాయిల్ ఇండోనేషియా, మలేషియా నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, మన తెలుగోళ్ళకి ప్రాణమైన సన్‌ఫ్లవర్ అయితే యుద్ధానికి ముందు పది ఓడల్లో ఏడు ఉక్రెయిన్ వి, రెండు రష్యావి. 2022 ఫిబ్రవరి 24 న యుద్ధం మొదలయ్యేసరికి ఆ తొమ్మిదీ ఒకేసారి ఇరుక్కున్నాయి, ఒడెస్సా రేవు మూత పడింది. మా గోడౌన్ కి రావాల్సిన సరుకు ఉందో లేదో చెప్పేవాడు లేడు, ఫోన్ చేస్తే "రేటు అడక్కండి, సరుకు ఉంటే చెప్తాం" అనేవాళ్ళు. సన్‌ఫ్లవర్ దొరక్క అందరూ పామాయిల్ మీద పడ్డారు, సరిగ్గా అప్పుడే ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఎందుకంటే వాళ్ళ దేశంలో ఆడవాళ్ళు నూనె ప్యాకెట్ కోసం లైన్లో నిల్చుంటున్నారు, ప్రపంచంలోనే ఎక్కువ పామాయిల్ తీసే దేశంలో! రేటు బయట బాగుందని వాళ్ళ కంపెనీలు అంతా ఎగుమతి చేసేస్తుంటే లోపల కొరత. మూడు వారాలు పైగా ఆపి మే 23 న తెరిచారు. మీ నోట్‌బుక్ లో మార్చి నాటి 2,780 ఆ యుద్ధం గొడవదే.

ఇక డ్యూటీ. 2024 సెప్టెంబర్ 14 న బయట నుంచి వచ్చే ముడి (శుద్ధి చెయ్యని) వంట నూనె మీద పన్ను సున్నా నుంచి 20 శాతం చేశారు, సెస్సులు అన్నీ కలిపితే 5.5 నుంచి 27.5. రాత్రికి రాత్రి పెరిగింది అన్నారు చూడండి, అదిగో ఆ దోపిడీ అక్కడ ఉంది. పాత డ్యూటీతో తెచ్చిన సరుకు గోడౌన్లలో బోలెడు ఉంది, అది అయిపోయేదాకా పాత రేటుకే అమ్మమని ప్రభుత్వం చెప్పింది, ఎవరు విన్నారు? నేనూ వినలేదు, నిజం చెప్తున్నా, ఎందుకంటే ఇవాళ పాత రేటుకి అమ్మితే రేపు ఆ డబ్బుతో కొత్త డబ్బా రాదు నాకు.

2025 మే నెలాఖరున ముడి నూనె డ్యూటీ 20 నుంచి 10 చేశారు. లెక్క ప్రకారం కేజీకి పది, పదకొండు రూపాయలు తగ్గాలి. కానీ ఈలోగా రెండు జరిగాయి. ఒకటి, ఇండోనేషియా వాడు 2025 నుంచి డీజిల్ లో 40 శాతం పామాయిల్ తో చేసిన డీజిల్ కలపాలని రూల్ పెట్టాడు, ఇదివరకు 35 ఉండేది. అమెరికా కూడా సోయా నూనెని ఇలాగే బండ్లకి తాగిస్తోంది. అంటే మీ గుత్తి వంకాయ ఇప్పుడు లారీతో పోటీ పడుతోంది అక్కా. రెండు, రూపాయి. నూనె కొనేది డాలర్లలో, 2025 ఆగస్టులో డాలర్ 87 దాటి 88 దగ్గరికి పోయింది. డ్యూటీలో తగ్గిన పదీ ఈ రెండూ తినేశాయి.

ఇంకో మాట, ప్యాకెట్లు కొనేవాళ్ళు బరువు చూసి కొనండి. లీటరు అంటే 910 గ్రాములు ఉండేది, ఇప్పుడు చూడ్డానికి అదే సైజు ప్యాకెట్ లో 850, 800 కూడా వస్తున్నాయి. రేటు తగ్గింది అనుకుని ఇంటికెళ్తారు.

కర్రీపాయింట్_అక్క:

లారీతో పోటీ 😳 ఇది నాకు నిజంగా తెలియదండీ. మరి డ్యూటీ అసలు ఎందుకు వేస్తారు, తీసేస్తే పోలా? తినే నూనె మీద పన్నేంటి?

గెలల_రైతు:

వచ్చానక్కా. మీరు ఈ ప్రశ్న అడుగుతారనే చూస్తున్నా 😄

మాది అశ్వారావుపేట దగ్గర, పన్నెండు ఎకరాల పామాయిల్ తోట. మీరు డబ్బా రేటు రాసుకున్నట్టే నేను టన్ను గెలల రేటు రాసుకుంటా. మన దేశంలో పండే పామాయిల్ అంటే దాదాపు అంతా మన రెండు రాష్ట్రాలదే, అటు ఏలూరు, పెదవేగి వైపు, ఇటు మా వైపు. మా గెలల రేటు నెలకోసారి ప్రకటిస్తారు, అది మా ఖర్చు చూసి కాదు, బయట నుంచి వచ్చే ముడి పామాయిల్ రేటు చూసి. మీకు డబ్బా 2,780 అయిన ఆ ఎండాకాలం మాకు టన్ను గెలలు 22 వేలు దాటింది. ఊళ్ళో పెళ్ళిళ్ళు చేశారు, ట్రాక్టర్లు కొన్నారు, మొక్క వెయ్యనివాడు పాపాత్ముడు అన్నట్టు చూశారు. మీకు 1,600 కి దిగిందని హమ్మయ్య అనుకున్నారు చూడండి, ఆ ఏడాది మాకు 12 వేల చిల్లర. ఎకరాకి పది టన్నులు వచ్చే మంచి తోట అనుకోండి, ఎకరాకి లక్ష రూపాయలు గాల్లో కలిసిపోయినట్టు. ఎందుకు పడిందయ్యా అంటే బయట రేటు పడ్డప్పుడు ఇక్కడ డ్యూటీ కూడా సున్నాకి తెచ్చి పెట్టుకున్నారు కాబట్టి. మీరు తిట్టుకున్న 2024 సెప్టెంబర్ డ్యూటీ ఉంది చూడండి, ఆ నెల మా ఊళ్ళో స్వీట్లు పంచారు. అబద్ధం కాదు.

కొందరికి పామాయిల్ అంటే ఈజీ పంట అని ఉంది, కోతులు రావు, దొంగలు ఎత్తుకెళ్ళరు, మార్కెట్ కి పోనక్కర్లేదు అని. అది నిజమే కానీ మొక్క పెట్టాక నాలుగో ఏడు దాకా గెల కళ్ళజూడం. ఎకరాకి 57 మొక్కలు, ఎండాకాలం ఒక్కో చెట్టుకి రోజుకి 200 లీటర్ల పైనే నీళ్ళు, బోరు ఆగిందంటే ఆ దెబ్బ ఏడాదిన్నర, రెండేళ్ళ తర్వాత గెలల్లో కనపడుద్ది. చెట్టు కింద పళ్ళు రాలి ఉంటే గెల పండినట్టు, పొడుగు గెడకి కొడవలి కట్టి ముందు కింద ఆకు కోసి తర్వాత గెల కోస్తారు, ఇరవై కేజీల గెల పై నుంచి దభేల్ మని పడుద్ది, దాని ముళ్ళు చేతిలో దిగితే వారం రోజులు నొప్పి. కోసింది కోసినట్టు ఆ రోజో మర్నాడో ఫ్యాక్టరీకి చేరాలి, లేటైతే పాడైపోద్ది. అంటే రేటు బాలేదు, వచ్చే నెల అమ్ముదాంలే అని ఆపుకునే పంట కాదు ఇది. వరి అయినా పత్తి అయినా గోతాల్లో పెట్టుకుని రెండు నెలలు ఆగొచ్చు. మేం ఆగలేం. ముప్పై ఏళ్ళ చెట్టు, రేటు బాలేదని పీకి వేరే పంట వెయ్యలేం.

కేంద్రం 2021 లో 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ పెట్టింది, దేశం మొత్తం పది లక్షల హెక్టార్లకి తీసుకెళ్తాం అని. తెలంగాణలో ఇదివరకు ఎప్పుడూ చూడని జిల్లాల్లో కూడా మొక్కలు పెట్టించారు. పెట్టించినోళ్ళు ముప్పై ఏళ్ళ మాట చెప్పారు, డ్యూటీ మాత్రం ఆర్నెల్లకోసారి తిప్పుతున్నారు. మీకు తగ్గించాలంటే మాకు పడాలి, మాకు పెరగాలంటే మీరు ఏడవాలి. మధ్యలో ఆ డ్యూటీ ట్యాప్ తిప్పేవాడు పండగ చూసుకుంటాడు, ఎలక్షన్ చూసుకుంటాడు.

కర్రీపాయింట్_అక్క:

తమ్ముడూ చదువుతుంటే నాకే సిగ్గేసింది. మీరు స్వీట్లు పంచిన నెలలో నేను మా హెల్పర్ కుర్రాడిని ఒకడిని మాన్పించాను. ఎవరి తప్పూ కాదు, కానీ రెండూ ఒకే నోట్‌బుక్ లో రాసుకోవాల్సిన విషయాలు అని ఇవాళే తెలిసింది.

బుడ్డల_చేను:

మాది అనంతపురం జిల్లా. పామాయిల్ గురించి అందరూ మాట్లాడతాండారు, శెనక్కాయ గురించి ఒక్కరూ అనరే.

నేను చిన్నప్పుడు మా ఇంట్లో కొన్న నూనె అనేది లేదు. మా బుడ్డలు, అదే శెనక్కాయలు, మా ఊరి గానుగ దగ్గరికి తీసుకపోతే ఎద్దు తిరుగుతానే ఉండేది, నూనె మనకి, నూనె తీయగా మిగిలిన చెక్క గొడ్లకి. గానుగ దగ్గర కూర్చుంటే చెక్క ముక్క వేడిగా చేతిలో పెట్టేవాడు, బెల్లంతో తింటే ఆ రుచి ఇప్పుడు ఏ స్వీట్ షాపులోనూ లేదు. పామాయిల్ అంటే రేషన్ షాపులో ఇచ్చేది, చలికాలం గడ్డ కట్టేది, మా అవ్వ దాన్ని దీపానికి కూడా పెట్టేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నూనె మనకి ఎప్పుడూ ఇట్లే బయట నుంచి వచ్చేది కాదు. 1986 లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ అని పెట్టినారు, శెనక్కాయ, ఆవాలు, సోయా, పొద్దుతిరుగుడు రైతులకి విత్తనం, గిట్టుబాటు ధర, దిగుమతి మీద గట్టి కాపలా, అన్నీ ఒకేసారి. ఏడెనిమిదేళ్ళలో దేశం దాదాపు తన నూనె తాను తినే స్థితికి వచ్చింది, పసుపు విప్లవం అని పేరు కూడా పెట్టినారు. అది నిలబెట్టుకునే లోపలే కాపలా తీసేసినారు. 1994 లో పామోలిన్ (శుద్ధి చేసిన పామాయిల్) ఎవరైనా తెచ్చుకోవచ్చు అన్నారు, మొదట 65 శాతం డ్యూటీ, నాలుగేళ్ళకి అది 15. ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర పామాయిల్ మీద 300 శాతం దాకా వేసుకునే హక్కు మనకి ఉంది, అంటే ఎవరో చెయ్యి పట్టుకుని తగ్గించమనలేదు, మనమే తగ్గించుకున్న్యాం. అప్పుడు మంత్రులకి అది తప్పుగా కనపడలేదు, పట్నంలో నూనె చౌకగా దొరికితే అందరికీ మంచిదే కదా అనుకున్నారు.

నిజాయితీగా చెప్పాలంటే పామాయిల్ వచ్చిందని మా జిల్లాలో బుడ్డలు వెయ్యడం వెంటనే ఏం ఆగలేదు, ఆ వానకి ఆ నేలలో వేరే ఏం పండుతుందని. దాని వల్ల పోయింది గానుగ, మిల్లు. బుడ్డ నూనె చౌక నూనెతో నిలబడలేక ఇప్పుడు కాయలో చానా భాగం పప్పుగానే పోతుంది, చిక్కీకి, మిక్చర్ కి, విదేశాలకి ఎగుమతికి. మేం పండించిన బుడ్డలు ఓడ ఎక్కి ఇండోనేషియా పోతాయి, అక్కడి పామాయిల్ ఓడ ఎక్కి మా ఊరి అంగడికి వస్తాది. మా అవ్వ ఉంటే ఏమనేదో.

బెజవాడ_బుల్లోడు:

అన్నా ఇది నిజంగా తెలియదు. సారీ, పైన నేను తొందరపడ్డాను.

ప్లేనో_అన్నయ్య:

డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. మీరంతా బయటి దేశాల వల్ల మనకి కష్టం అంటున్నారు, మన వల్ల బయటి దేశాలకి వచ్చిన కష్టం ఒకటి చెప్తా.

2023 జులై 20 న ఇండియా తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, బాస్మతి తప్ప. ఇక్కడ మాకు పొద్దున వాట్సాప్ లో వచ్చింది, మధ్యాహ్నానికి మా ఇండియన్ స్టోర్ పార్కింగ్ నిండిపోయింది. సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు ఒక్కొక్కడు ఆరు, పది బండిలో వేసుకుంటున్నాడు, రెండు గంటల్లో ర్యాక్ ఖాళీ, సాయంత్రానికి "కుటుంబానికి ఒక్క బస్తా" అని కాగితం అంటించారు. 16 డాలర్ల బస్తా కొన్ని చోట్ల 40 కి కూడా అమ్మారు. మా ఫ్రెండ్ ఒకడు గరాజ్ లో పద్నాలుగు బస్తాలు పెట్టాడు, మరుసటి ఎండాకాలానికి పురుగు పట్టింది, వాళ్ళావిడ ఇప్పటికీ అదే చెప్పి నవ్విస్తుంది. నేను కూడా మూడు తెచ్చానులెండి, పైకి చెప్పుకోను.

మాకు అది కామెడీ, అన్నం లేకపోతే పాస్తా తింటాం. ఆఫ్రికాలో కామెడీ కాదు. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముకునే బియ్యంలో 40 శాతం ఇండియాదే, బెనిన్, సెనెగల్ లాంటి చోట్ల రోజూ తినేది మన బియ్యం, మన నూకలు. ఆ ఆగస్టులో ప్రపంచంలో బియ్యం రేటు 15 ఏళ్ళలో ఎప్పుడూ లేనంతకి పోయింది. మనం బియ్యం ఆపిన ఆ జులై వారంలోనే, యుద్ధంలోనూ ఉక్రెయిన్ ధాన్యం ఓడల్ని పోనిచ్చే నల్ల సముద్రం ఒప్పందం నుంచి రష్యా తప్పుకుంది, అటు గోధుమ భయం ఇటు బియ్యం భయం. ఇండోనేషియా నూనె ఆపినప్పుడు మనం తిట్టుకున్నాం, మనం బియ్యం ఆపినప్పుడు వాళ్ళూ అలాగే తిట్టుకుని ఉంటారు కదా.

కాకినాడ_బార్జి:

ప్లేనో అన్నయ్యా ఆ బియ్యం ఎక్కించేది మేమేనండి. మా కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకి రాదు, లోపల సముద్రంలో ఆగుద్ది, మేం బస్తాలు బార్జిలో వేసుకుని అక్కడికి తీసుకెళ్ళి ఎక్కిస్తాం. బస్తా మీద బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ ఇలా పేర్లు ఉంటాయి, ఆ దేశాలు ఎక్కడున్నాయో మా పిల్లోడి అట్లాస్ లో చూసి తెలుసుకున్నా. 2022 సెప్టెంబర్ లో నూకలు ఆపారు, మరుసటేడు తెల్ల బియ్యం ఆపారు, ఆ తర్వాత నెలలోనే ఉప్పుడు బియ్యం మీద 20 శాతం పన్ను. బార్జిలు కట్టేసి ఉండేవి. టన్ను లెక్కన కూలి మాది, బస్తా లేకపోతే రూపాయి లేదు. చాలామంది భవన నిర్మాణం పనికి పోయారు. 2024 సెప్టెంబర్ ఆఖర్లో తెరిచాకే మళ్ళీ ఊపిరి ఆడింది. దేశంలో బియ్యం రేటు పెరగకూడదని ఆపారంట, మంచిదే, కానీ మా ఇంట్లో బియ్యం కొనుక్కోడానికి డబ్బుల్లేకుండా చేశారు.

పాతతరం_మనిషి:

నాకు 74. బియ్యం ఆపిన ప్రభుత్వాన్ని నేను పూర్తిగా తప్పు పట్టను. 1965, 66 కరువు రోజుల్లో ఈ దేశం అమెరికా గోధుమల ఓడ ఎప్పుడొస్తుందా అని రేవు వైపు చూస్తూ బతికింది, సోమవారం రాత్రి భోజనం మానమని ప్రధాని శాస్త్రి గారు అడిగితే మా ఇంట్లో నిజంగానే మానేశాం. మా బడిలో అమెరికా పాలపొడి కలిపి ఇచ్చేవాళ్ళు, ఆ వాసన ఇప్పటికీ పడదు నాకు. అటు గోధుమ ఓడలు నెల నెలా లెక్కపెట్టి వదిలేవాళ్ళు, వియత్నాం యుద్ధం మీద మనం ఏం మాట్లాడతామో చూసి. 1966 జూన్ లో రూపాయి విలువ కూడా తగ్గించాల్సి వచ్చింది, డాలర్ 4.76 నుంచి 7.50. ఆ భయంతోనే కదా ధాన్యం కొని నిల్వ చేసే ఎఫ్‌సీఐ, మద్దతు ధర, రేషన్ అన్నీ గట్టిపడ్డాయి. 2025 జులై 1 నాటికి, 135 లక్షల టన్నుల బియ్యం ఉంటే చాలనుకునే చోట దానికి రెండింతల పైనే ఉండింది. బియ్యానికి మనం అంత భయపడ్డాం కాబట్టి బియ్యం ఉంది. నూనెకి ఎప్పుడూ అంత భయపడలేదు.

ఎరువుల_కొట్టు:

పెద్దాయన చెప్పింది బాగుంది కానీ ఆ బియ్యం కూడా పూర్తిగా మనది కాదు సార్. గింజ మనది, దానికి పెట్టే తిండి, అంటే ఎరువు, బయటిది. పొటాష్ మొత్తం దిగుమతే, డీఏపీ సగం పైన దిగుమతి, ఇక్కడ చేసేదానికి కూడా ఫాస్ఫేట్ రాయి, ఫాస్ఫారిక్ యాసిడ్ బయట నుంచే. యూరియా చాలా వరకు ఇక్కడే చేస్తాం అంటారు, చేసేది గ్యాస్ తో, ఆ గ్యాస్ లో పెద్ద వాటా ఓడలో వచ్చేదే. 2021 అక్టోబర్ లో చైనా ఎరువుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది, నాలుగు నెలలకి యుద్ధం. 2022 లో డీఏపీ బస్తాకి ప్రభుత్వం 2,501 రూపాయలు సబ్సిడీ కట్టి రైతుకి 1,350 కి ఇప్పించింది, ఆ ఏడాది ఎరువుల సబ్సిడీ మొత్తం రెండున్నర లక్షల కోట్లు. రైతుకి రేటు తెలియకుండా దాచిపెట్టారు, ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు, మనందరి పన్నులో ఉంది.

రేటు దాచొచ్చు, సరుకు లేకపోతే ఏం దాస్తారు. ఈ 2025 వానాకాలం తెలంగాణలో యూరియా కోసం లైన్లు చూశారుగా. మా కొట్టు ముందు తెల్లారుజామున నాలుగింటికే చెప్పులు, ఆధార్ జిరాక్సులు మీద రాయి పెట్టి వరసగా పెట్టేవాళ్ళు. ఒకావిడ చంటిపిల్లతో వచ్చింది, రెండు బస్తాలు అడిగితే ఒకటే ఇవ్వగలిగా. 266 రూపాయల యాభై పైసల బస్తా అది. ఆ ధరకి మేం లాభం కోసం అమ్మట్లేదు, దానితో పాటు ఇంకేదైనా కొంటారని పెట్టుకుంటాం, అది కూడా నిజమే.

ప్రకృతి_సేద్యం:

అందుకే చెప్పేది, ఎరువులే మానేస్తే ఈ దిగుమతుల గోలే ఉండదు కదా. ఆవు పేడ, జీవామృతం చాలు.

ఎరువుల_కొట్టు:

మా బాబాయి నాలుగెకరాల్లో చేస్తాడు, బాగానే పండుతుంది, నేనూ ఆ బియ్యమే తింటా. కానీ దేశం మొత్తం ఒక్క రోజులో మానేస్తే ఏమవుద్దో శ్రీలంకలో చూశాం. 2021 లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు, పేరుకి సేంద్రియం, వెనకాల డాలర్లు లేకపోవడం కూడా ఒక కారణం. ఆ ఏడాది నవంబర్ లోనే వెనక్కి తీసుకున్నారు కానీ అప్పటికే వరి పడిపోయింది, టీ పడిపోయింది, ఎగుమతి చేసే టీ పడిపోతే ఉన్న డాలర్లూ పోయాయి, బియ్యం బయట కొనాల్సి వచ్చింది, కొనడానికి డబ్బు లేదు. 2022 ఏప్రిల్ లో అప్పులు కట్టలేం అని చేతులెత్తేశారు, సెప్టెంబర్ కి తిండి వస్తువుల రేట్లు అంతకు ముందు ఏడాది మీద 90 శాతం పైనే పెరిగాయి. మెల్లగా, నేల చూసుకుని చెయ్యాల్సిన పని అది.

తాండూరు_కంది:

నూనె గోల అయ్యాక పప్పు గురించి కూడా మాట్లాడండి. 2025 లో కంది పప్పు మొజాంబిక్, మయన్మార్ నుంచి డ్యూటీ లేకుండా వచ్చింది. 2024 లో పప్పు రేటు చూసి మేం కంది ఎక్కువ వేశాం, చేతికొచ్చేసరికి మార్కెట్ లో క్వింటాల్ కి మద్దతు ధర 7,550 కూడా రాలేదు. అక్కా మీరు పప్పు చౌకగా దొరికింది అని సంతోషించి ఉంటారు ఆ నెల.

కర్రీపాయింట్_అక్క:

సంతోషించాను తమ్ముడూ, ఏం దాచుకోను. ముద్దపప్పు కప్పు సైజు కూడా పెంచాను.

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, ఇంత చెప్తారనుకోలేదు. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను, ఉల్లిపాయలు తరుగుతూ విన్నాడు, "అంటే మనం డీజిల్ బంకు చూసి నూనె కొనాలా" అన్నాడు. ఒక్క చివరి ప్రశ్న, టోకు గారూ, దసరా దగ్గర పడుతోంది. ఇప్పుడే నెల సరుకు కొని పెట్టుకోమంటారా, ఆగమంటారా?

టోకు_నూనెలు:

అక్కా నాకే తెలిస్తే నేను ఇక్కడ టైపు చేస్తూ ఎందుకు ఉంటాను 😄 మీ దగ్గర డబ్బు ఇరుక్కుపోకూడదు, అది ముందు చూసుకోండి. పండక్కి ముందు రేటు తగ్గిన సంవత్సరం నేను పెద్దగా చూడలేదు. అవసరానికి మించి రెండు డబ్బాలు చాలు, అంతకంటే కొని ప్లేనో అన్నయ్య ఫ్రెండ్ లాగా చెయ్యొద్దు. మూత సీలు చూసుకోండి, డబ్బా మీద తయారీ తేదీ చూసుకోండి.

ప్లేనో_అన్నయ్య:

మావాడి బియ్యం ఎందుకండీ మధ్యలో 😂

కర్రీపాయింట్_అక్క:

సాయంత్రం వెళ్ళొచ్చానండి. సన్‌ఫ్లవర్ 2,310 చెప్పాడు, పామాయిల్ 1,960. రెండు రెండు తీసుకున్నా, సీలు చూశాను. నోట్‌బుక్ లో ఈసారి పక్కన డాలర్ రేటు కూడా రాశా, గెలల తమ్ముడూ ఈ నెల మీ టన్ను రేటు ఎంతో చెప్పండి, అది కూడా రాసుకుంటా.